ప్రశ్న అడగడమే నేరమైన చోట: 1934 'సమాజ్ స్వాస్థ్య' కేసూ, మన ఇళ్ళల్లోని మౌనమూ

లైంగిక విషయాలు మన ఇళ్ళల్లో మాట్లాడుకోరు అనే మాట అందరూ అంటుంటారు. చదువుకున్నవాళ్ళు ఇంకొంచెం గట్టిగా అంటారు. వాడల్లో, బస్తీల్లో తల్లిదండ్రులు చదువు లేనివాళ్ళనీ, కొడుకు గే అనో కూతురు లెస్బియన్ అనో తెలిస్తే తట్టుకోలేరనీ, ఆ పిల్లల ఒంటికేదన్నా జబ్బొస్తే నోరు విప్పి అడగను కూడా అడగలేరనీ ఒక తీర్పు ముందే రాసిపెట్టుకున్నారు. ఈ తీర్పు చెప్పేవాళ్ళు ఒక్క సంగతి అడగరు. ఆ తల్లిదండ్రులకు ఆ విషయాల గురించి ఎవరు, ఎప్పుడు, ఏ భాషలో చెప్పారు? ఏ మాటలు వాళ్ళ నోట్లోంచి లాక్కున్నారు, ఏ మాటలు కుక్కారు?

మౌనం పుట్టుకతో రాలేదు. దానికి తారీఖులున్నాయి, చట్టాలున్నాయి, జరిమానాలున్నాయి. ఆ చరిత్రలో కొంత భాగాన్ని ఇక్కడ చూద్దాం. అది దళిత ఉద్యమ చరిత్రకు బయటిదని అనుకునేవాళ్ళకు ముందే చెప్పాలి: ఈ కథ మధ్యలో నిలబడి వాదించిన వకీలు డా॥ అంబేద్కర్.

1. జవాబు చెప్పిన నేరం

రఘునాథ్ ధోండో కర్వే చిత్పావన బ్రాహ్మణుడు. స్త్రీ విద్య కోసం పనిచేసిన మహర్షి కర్వే కొడుకు. బొంబాయి విల్సన్ కాలేజీలో లెక్కల ప్రొఫెసరు. 1921లో బొంబాయిలో సంతాన నిరోధక కేంద్రం తెరిచాడు. దేశంలో అలాంటిది అదే మొదటిదని చెప్తారు. ఆ అభిప్రాయాల మూలంగానే 1925లో ఉద్యోగం వదులుకోవాల్సి వచ్చింది. 1927 జూలైలో 'సమాజ్ స్వాస్థ్య' అనే మరాఠీ మాసపత్రిక మొదలుపెట్టి, 1953లో చనిపోయేదాకా నడిపాడు. గర్భ నిరోధం, సుఖవ్యాధులు, స్త్రీల లైంగిక స్వేచ్ఛ, ఇవీ అందులో విషయాలు. 1931లో వ్యభిచారం గురించి రాసిన వ్యాసం అశ్లీలమని మొదటి కేసు పెట్టారు. 100 రూపాయల జరిమానా పడింది.

రెండో కేసు 1934లో వచ్చింది. ఈసారి నేరం వ్యాసం కాదు, జవాబులు. పత్రికలో పాఠకుల ప్రశ్నలకు కర్వే జవాబులిచ్చేవాడు. హస్త ప్రయోగం గురించి, మగవాళ్ళ మధ్య మగవాళ్ళు, ఆడవాళ్ళ మధ్య ఆడవాళ్ళు ఇష్టపడటం గురించి కొందరు అడిగారు. ఆయన తెలిసిన శాస్త్రం ప్రకారం చెప్పాడు. అదే అశ్లీలమైంది.

ఆ కేసు వాదించడానికి ఒప్పుకున్నది డా॥ అంబేద్కర్. అప్పటికి ఆయన మహద్ చెరువు దాటాడు, రౌండ్ టేబుల్ సమావేశాలు దాటాడు, పూనా ఒప్పందం దాటాడు. చేతినిండా పని ఉంది. సనాతనులు ఊరంతా వేలెత్తి చూపిస్తున్న ఒక మనిషి కేసు నెత్తినేసుకోవాల్సిన అవసరం రాజకీయంగా ఆయనకు ఏమాత్రం లేదు. అయినా నిలబడ్డాడు. ఈ కేసు గురించి రాసినవాళ్ళు చెప్పిన ప్రకారం ఆయన వాదన సారాంశం ఇది. లైంగిక విషయం మీద రాసిందల్లా అశ్లీలం కాదు. పాఠకులు నిజంగా అడుగుతున్న ప్రశ్నలకు జవాబివ్వడమే పత్రిక పని. అడిగినవాడిలో వికృతి ఉందని మీరంటే, దాన్ని పోగొట్టేది జ్ఞానమే కదా, జ్ఞానం తప్ప ఇంకేముంది? స్వలింగ ప్రేమ గురించి హేవలాక్ ఎల్లిస్ పరిశోధనలు చూపించి, అది కొందరిలో సహజంగా ఉండేదేననీ, అందులో తప్పేం లేదనీ అన్నాడని కూడా వాళ్ళు రాశారు.

కేసు ఓడిపోయారు. 200 రూపాయల జరిమానా పడింది.

ఓడిపోయిన కేసు కాబట్టి పెద్దగా ఎవరూ గుర్తుపెట్టుకోలేదు. కానీ ఆయన అక్కడితో వదల్లేదు. 1938 నవంబరు 10న బొంబాయి శాసనసభలో సంతాన నిరోధ సౌకర్యాలు ప్రభుత్వమే కల్పించాలన్న తీర్మానాన్ని ఆయన ఇండిపెండెంట్ లేబర్ పార్టీ సభ్యుడు పి.జె. రోహం ప్రవేశపెట్టాడు. ఆ ప్రసంగం తయారుచేసింది అంబేద్కరే. ఆ తీర్మానమూ ఓడిపోయింది. ఒంటి గురించిన జ్ఞానం పేదలకు దక్కాలన్నది ఆయన రాజకీయాల్లో ఒక మూలన పడివున్న విషయం కాదని దీన్నిబట్టి తెలుస్తుంది.

ఇప్పుడు ఆ ప్రశ్నలు రాసినవాళ్ళ గురించి ఆలోచించండి. ముఖం కూడా తెలియని సంపాదకుడికి తన ఒంటి గురించి ఉత్తరం రాసే కుర్రాడు ఎవడు? తండ్రిని అడగలేనివాడు. తల్లి దగ్గర నోరు పెగలనివాడు. పత్రికలో వచ్చిన ప్రతి ప్రశ్న వెనక, ఇంట్లో జరక్కుండా పోయిన ఒక సంభాషణ ఉంది. ఆ ఉత్తరం రాయాలంటే చదువు రావాలి, పోస్టు ఖర్చుండాలి, పత్రిక చేతికందాలి. ఆ రోజుల్లో మహర్ వాడలో ఎంతమందికి ఆ అవకాశం ఉంది? ప్రశ్నలు అక్కడా ఉన్నాయి. అడిగే చోటే లేదు. ఈ తేడాని అంబేద్కర్‌కు ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు. నీళ్ళూ గుడీ మాత్రమే కాదు, జ్ఞానం కూడా ఒక చెరువేనని ఆయన బతుకే చెప్తుంది.

చట్టం సంగతి కూడా చూడాలి. 1860 నాటి శిక్షాస్మృతిలో 377వ సెక్షను స్వలింగ సంపర్కాన్ని నేరం చేసింది. 292వ సెక్షను అశ్లీల రాతల్ని నేరం చేసింది. మొదటిది పనిని శిక్షిస్తుంది. రెండోది ఆ పని గురించిన మాటని శిక్షిస్తుంది. కర్వే కేసులో ఈ రెండూ ఎలా ఒకదానికొకటి తోడయ్యాయో చూశాం. ఆ తోడు తొంభై ఏళ్ళుగా రకరకాల రూపాల్లో మన ఇళ్ళల్లోకి వస్తూనే ఉంది.

2. మాటలు ఎవరివి, బూతులు ఎవరివి?

తెలుగునాట కూడా ఈ కథ ఉంది. ముద్దుపళని రాసిన 'రాధికా సాంత్వనము'ని బెంగళూరు నాగరత్నమ్మ 1910లో అచ్చు వేయించింది. ఒక భోగం స్త్రీ రాసిన కావ్యాన్ని ఇంకో భోగం స్త్రీ బయటికి తేవడం సంస్కర్తలకు మింగుడుపడలేదు. కందుకూరి వీరేశలింగం ముద్దుపళనిని అంతకుముందే తిట్టిపోసివున్నాడు. ప్రభుత్వం పుస్తకాన్ని నిషేధించింది. ప్రకాశం పంతులు ప్రభుత్వం వచ్చాక గానీ, అంటే 1947 దాకా, ఆ నిషేధం పోలేదు. మగ కవుల ప్రబంధాల్లో వర్ణనలు బడి పాఠాలయ్యాయి. ఆడదాని నోటి మాట మాత్రం పోలీసు కేసయింది.

బడి తెలుగు తయారయింది ఈ కాలంలోనే. వాడ తెలుగు బూతయింది కూడా ఈ కాలంలోనే. మా నాయనమ్మకు అక్షరం ముక్క రాదు. కానీ సెగ అంటే ఏ జబ్బో, సవాయి అంటే ఏ జబ్బో, గజ్జల్లో బిళ్ళ కడితే దేనికి గుర్తో ఆమెకు తెలుసు. అంటే ఇవాళ డాక్టర్లు గనేరియా, సిఫిలిస్ అనేవి. మగవాడి ఒంటికి, ఆడదాని ఒంటికి, వాటి బాధలకు సూటిగా పేర్లుండేవి. నాటు వైద్యంలో తప్పులెన్నో ఉన్నాయి, ఆ మందులు జబ్బుల్ని తగ్గించలేదు. కాని మాట ఉంది. మాట ఉంటే అడగొచ్చు.

ఆమె మనవడు యూనివర్సిటీకి పోయాడు. అక్కడ 'లైంగిక ఆరోగ్యం' అనే మాట నేర్చుకున్నాడు, 'సెక్సువల్ హెల్త్' అనే మాట నేర్చుకున్నాడు. ఇంటి మాట పలికితే మొరటువాడంటారు. యూనివర్సిటీ మాట ఇంట్లో పలికితే అమ్మకు అర్థం కాదు. మొదటి తరం చదువుకున్న పిల్లలకూ వాళ్ళ తల్లిదండ్రులకూ మధ్య ఈ విషయంలో గోడ కట్టింది ఇటు మొరటుతనం అనే ముద్ర, అటు అర్థంకాని చదువు. రెండూ ఒకే కులం ఇటుకలు.

ఇంకొక సంగతి. మన ఇళ్ళల్లో లైంగిక విషయాలు అసలు మాట్లాడరన్నది అబద్ధం. ఆడపిల్ల సమర్తాడితే బంధువులకు కబురు పంపుతారు, చాప మీద కూచోబెడతారు, చిమ్మిలి పెడతారు, పేరంటాళ్ళు పాటలు పాడతారు. ఆ పిల్ల ఒళ్ళు ఊరందరికీ తెలియాల్సిన వార్త అవుతుంది. వదిన మరిదిని, బావ మరదల్ని, మేనత్త మేనకోడల్ని ఆటపట్టించే మాటల్లో సగం కోకశాస్త్రమే. తల్లిదండ్రులు నేరుగా చెప్పనిది ఈ వరసలవాళ్ళు చెప్తారు. అంటే దారి ఉంది. కాని ఆ దారి మొత్తం పెళ్ళి దగ్గరికే పోతుంది. మేనరికం చేసుకోమని సరసమాడే బావకు, తనకు ఆడపిల్లల మీద మనసు పోదని బామ్మర్ది ఎట్లా చెప్తాడు? పెళ్ళి పాటలు పాడే పిన్నికి, తన ప్రాణం తన స్నేహితురాలేనని పిల్ల ఎట్లా చెప్తుంది? అందరూ మాట్లాడుతున్న ఇంట్లో నోరు మూసుకునేది ఆ ఒక్క పిల్లో, పిల్లాడో. ఈ ఒంటరితనాన్ని గమనించకుండా 'మన సంస్కృతిలో మౌనం' అంటే పని జరగదు.

3. ఆపరేషన్ ఒక్కటే తెలిసిన తరం

స్వతంత్ర భారతదేశంలో ప్రభుత్వం మన తల్లిదండ్రులతో లైంగిక విషయం మాట్లాడింది. ఎర్ర త్రికోణం బొమ్మతో గోడల మీద మాట్లాడింది, 1968 నుంచి నిరోధ్ ప్యాకెట్టుతో మాట్లాడింది. అన్నిటికంటే ఎక్కువగా కత్తితో మాట్లాడింది. ఎమర్జెన్సీలో, 1976-77 ఒక్క ఏడాదిలోనే, దేశంలో 80 లక్షలకు పైగా ఆపరేషన్లు చేశారు. ఎక్కువ భాగం మగవాళ్ళకు. పోలీసులు పట్టుకుపోయింది పేదల్నీ, దళితుల్నీ, ముస్లిముల్నీ. ప్రభుత్వం పడిపోయాక మగవాళ్ళ జోలికి మళ్ళీ అంత గట్టిగా ఎవరూ పోలేదు. బరువంతా ఆడవాళ్ళ మీద పడింది. తెలుగు నేలలో అది ఇప్పటికీ అట్లాగే ఉంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో పెళ్ళయిన స్త్రీలలో దాదాపు 70 శాతం మంది, తెలంగాణలో 60 శాతానికి పైగా, ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళే.

దీనర్థం ఏంటి? మన అమ్మలకు లైంగిక ఆరోగ్యం అంటే తెలిసింది ఇది: నర్సమ్మ వస్తుంది, పేరు రాసుకుంటుంది, క్యాంపులో వరసగా పడుకోబెడతారు, పొట్ట కింద కోస్తారు, డబ్బిస్తారు, ఇంటికి పంపిస్తారు. 2014 నవంబరులో ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ దగ్గర అలాంటి క్యాంపులో పదిమందికి పైగా ఆడవాళ్ళు చనిపోయారు. సుఖం గురించి, జబ్బు సోకడం గురించి, ఇష్టం గురించి, 'వద్దు' అనే హక్కు గురించి ఆ నర్సమ్మ ఏనాడూ ఒక్క మాట చెప్పలేదు. పిల్లలు పుట్టకుండా చూడటం తప్ప ఇంకొక లెక్క ఆ రిజిస్టర్లో లేదు.

అలాంటి తల్లి తన కొడుకు ఇంకో అబ్బాయితో ఉంటున్నాడని తెలిసినప్పుడు ఏం మాట్లాడుతుంది? ఆమెకు అందిన జ్ఞానమంతా గర్భం చుట్టూ తిరిగేదే. ఇక్కడ గర్భం లేదు. ప్రభుత్వం ఆమెకు ఇచ్చిన మాటల్లో ఆమె కొడుక్కి పనికొచ్చేది ఒక్కటీ లేదు. నిరోధ్ అంటే పిల్లలు పుట్టకుండా వాడేది అని ఆమెకు తెలుసు, జబ్బు రాకుండా వాడేది అని ఆమెకెవరూ చెప్పలేదు. ఇది ఆమె అజ్ఞానమా, ఆమెను అజ్ఞానంలో ఉంచినవాళ్ళ నేరమా?

4. ఎయిడ్స్ తెచ్చిన మాటలు

1986లో మద్రాసులో దేశంలోని మొదటి హెచ్ఐవి కేసులు బయటపడ్డాయి. 1992లో జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ వచ్చింది. ఎక్కువ వ్యాప్తి ఉన్న ఆరు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. లారీ డ్రైవర్లు, సెక్స్ వర్కర్లు, వలస కూలీలు, ఆ తర్వాత 'ఎంఎస్ఎం' అనే మూడక్షరాల్లో మగవాళ్ళతో పడుకునే మగవాళ్ళు పథకాలకెక్కారు. పుర్రె బొమ్మలతో గోడలు నిండాయి. తొలి ఏళ్ళల్లో ఆ రాతలు చదివిన తల్లిదండ్రులకు అర్థమైంది ఒక్కటే: ఇది చెడు తిరుగుళ్ళు తిరిగినవాళ్ళకొచ్చే చావు.

ఢిల్లీలో ఎయిడ్స్ భేద్‌భావ్ విరోధీ ఆందోళన్ అనే సంఘం 1991లో 'లెస్ దాన్ గే' అనే నివేదిక తెచ్చింది. స్వలింగ ప్రేమికుల హక్కుల గురించి ఈ దేశంలో వచ్చిన తొలి పత్రం అది. 1994లో తీహార్ జైల్లో కండోములు ఇవ్వమంటే అధికారులు ఒప్పుకోలేదు. ఇస్తే జైల్లో అలాంటివి జరుగుతున్నాయని ఒప్పుకున్నట్టవుతుందట. 377ని కొట్టేయమని ఆ సంఘం కోర్టుకు పోయింది ఆ సందర్భంలోనే. 2001 జూలైలో లక్నోలో హెచ్ఐవి నివారణ పనిచేస్తున్న కార్యకర్తల్ని 377 కిందే అరెస్టు చేసి నెలన్నర జైల్లో ఉంచారు. వాళ్ళ దగ్గర దొరికినవి కండోములు, కరపత్రాలు, ఆరోగ్య సమాచారం. 1934కీ 2001కీ మధ్య అరవై ఏడేళ్ళు గడిచాయి. జవాబు చెప్పడమే నేరం కావడంలో మార్పేం లేదు.

2005లో కౌమార విద్యా కార్యక్రమం పేరుతో బడుల్లో కొంత చెప్పాలని చూశారు. 2007కల్లా మహారాష్ట్ర, గుజరాత్, మధ్యప్రదేశ్, కర్ణాటక వంటి రాష్ట్రాలు 'మన సంస్కృతి కాదు' అని దాన్ని ఆపేశాయి. చెప్పాల్సింది ఇంట్లోనేనని కొందరు నాయకులు అన్నారు. ఇంట్లో చెప్పడానికి తల్లిదండ్రులకు ఏం ఇచ్చారో చెప్పలేదు. సంక్షేమ హాస్టళ్ళల్లో పెరిగే మన పిల్లలకు ఇల్లు సెలవులకే దొరుకుతుంది. వార్డెన్ భయం, సీనియర్ల వెటకారం, దొంగచాటు పుస్తకం, ఇప్పుడైతే చేతిలో ఫోను, ఇవే వాళ్ళ గురువులు.

5. 'పెళ్ళయిందా?'

ఎయిడ్స్ పథకాల్లో గే కుర్రాడికి ఏదో ఒక పేరుతో చోటు దొరికింది. ఆడవాళ్ళను ప్రేమించే ఆడవాళ్ళకు అదీ లేదు. ప్రభుత్వ ఆసుపత్రి ఆడవాళ్ళ ఓపీలో డాక్టరమ్మ మొదట అడిగే ప్రశ్న 'పెళ్ళయిందా?' ఆ ప్రశ్నకు అర్థం పెళ్ళి గురించి కాదని అందరికీ తెలుసు. ఎవరితోనైనా పడుకున్నావా అని అడగలేక అలా అడుగుతారు. పక్కనే చీటీ పట్టుకుని నిలబడ్డ అమ్మ 'ఇంకా కాలేదమ్మా' అని కూతురి బదులు తనే జవాబు చెప్పేస్తుంది. అంతే. పరీక్ష ముగిసింది. డాక్టరమ్మ దృష్టిలో ఆ పిల్లకు లైంగిక జీవితం లేదు. ఆడవాళ్ళిద్దరి మధ్య కూడా కొన్ని ఇన్‌ఫెక్షన్లు సోకుతాయని, గర్భాశయ ముఖద్వార క్యాన్సరుకు కారణమయ్యే హెచ్‌పీవీ వైరసు కూడా అట్లా సోకొచ్చని, పరీక్ష అవసరమని చెప్పే మాట ఆ గదిలో పుట్టదు.

తల్లీ కూతుళ్ళ మధ్య సంభాషణను చంపేసింది తల్లి కాదు గమనించండి. ఆ ప్రశ్నను అట్లా తయారుచేసిన వైద్యం చంపింది. ఆ వైద్య విద్య ఇంకా ఎట్లా ఉందంటే, 2024 ఆగస్టు చివర్లో జాతీయ వైద్య కమిషన్ విడుదల చేసిన ఎంబీబీఎస్ పాఠ్య ప్రణాళికలో లెస్బియన్ సంబంధాన్ని మళ్ళీ అసహజ నేరాల జాబితాలో చేర్చారు. గొడవయ్యాక సెప్టెంబరులో ఉపసంహరించుకున్నారు. సుప్రీంకోర్టు తీర్పొచ్చిన ఆరేళ్ళకు ఇది జరిగింది.

పద్దెనిమిదేళ్ళ లోపు పిల్లల సంగతి ఇంకా చిక్కు. 2012 పోక్సో చట్టం ప్రకారం పద్దెనిమిది లోపువాళ్ళ లైంగిక సంబంధం ఏదైనా నేరమే. తెలిసినవాళ్ళు పోలీసులకు చెప్పితీరాలి, డాక్టరైనా సరే. పిల్లల్ని కాపాడటానికి వచ్చిన చట్టం అది, అవసరమైనదే. కాని పదహారేళ్ళ కుర్రాడికి పుండు వస్తే డాక్టరు దగ్గరికి పోవడానికి భయపడతాడు, అమ్మకు చెప్పడానికి ఇంకా భయపడతాడు. చివరికి ఊళ్ళో ఆర్ఎంపీ దగ్గర ఇంజక్షన్ వేయించుకుని ఊరుకుంటాడు.

6. పరువు ఎవరిది?

అగ్రవర్ణ ఇళ్ళల్లో పరువు అంటే ఆస్తి, రక్తం, కులం కలవకుండా చూసుకోవడం. మన ఇళ్ళల్లో పరువు అనే మాటకు ఇంకో అర్థం కూడా ఉంది. వందల ఏళ్ళుగా మన ఆడవాళ్ళ ఒళ్ళు ఊరి సొత్తన్నారు. జోగినిగా ముడుపుకట్టారు. ఆ ఆచారాన్ని నిషేధిస్తూ ఆంధ్రప్రదేశ్‌లో చట్టం 1988 దాకా రాలేదు. మన మగవాళ్ళను కామాంధులన్నారు. మన భాషను బూతన్నారు. దళిత తల్లి 'మా పిల్లలు అలాంటోళ్ళు కాదు' అన్నప్పుడు ఆమె మాట్లాడుతున్నది ఈ నింద అంతటితోనూ. ఆమె మౌనంలో భయం ఉంది, భయంలో అనుభవం ఉంది. కొడుకు గే అని తెలిస్తే ఊరు అతన్ని ఒక్కణ్ణే అనదు, 'ఆ కులమే అంత' అంటుంది.

ఇంకొకటి. ఆ కొడుకు ఇంటికంతటికీ మొదటి జీతం. ఆ కూతురు వాడలో మొదటి డిగ్రీ. వాళ్ళ పెళ్ళి మీద చెల్లెళ్ళ పెళ్ళిళ్ళు, అప్పులు, ముసలితనం ఆధారపడివుంటాయి. ఇంగ్లీషు పత్రికల్లో వచ్చే కథల్లో పిల్లలు తమ గదిలోకి తల్లిదండ్రుల్ని పిలిచి చెప్తారు, తర్వాత అందరూ కలిసి కౌన్సిలరు దగ్గరికి వెళ్తారు. ఒక్క గది ఇంట్లో ఎవరిని ఎక్కడికి పిలుస్తారు? కౌన్సిలరు ఫీజు అమ్మ మూడు రోజుల కూలి.

అయితే దీన్ని సాకు చేసుకుని మన ఇళ్ళల్లో జరిగేదాన్ని కప్పిపుచ్చకూడదు. తన్నులు, తాళాలు, భూతవైద్యాలు, బలవంతపు పెళ్ళిళ్ళు మన ఇళ్ళల్లోనూ ఉన్నాయి. వాటి ఫలితం ఆరోగ్యం మీదే పడుతుంది. అమెరికాలోని కాలిఫోర్నియాలో కెయిట్లిన్ రయన్ బృందం 2009లో ప్రచురించిన అధ్యయనంలో, ఇంట్లోవాళ్ళు తీవ్రంగా తిరస్కరించిన గే, లెస్బియన్, బైసెక్సువల్ యువతలో ఆత్మహత్యా ప్రయత్నాలు 8 రెట్లకు పైగా, రక్షణ లేని సంభోగం 3 రెట్లకు పైగా ఎక్కువగా కనిపించాయి. అక్కడి లెక్కల్ని తెచ్చి ఇక్కడ అతికించలేం. కాని ఇల్లు తలుపు వేస్తే జబ్బు తలుపు తెరుచుకుంటుందన్న సంగతికి దేశం తేడా లేదు. మనల్ని వెలివేసిన సమాజాన్ని తిట్టుకుంటూ, మన పిల్లల్ని మనమే వెలివేస్తే అంబేద్కర్ బొమ్మకు దండ వేసే హక్కు ఎక్కడిది?

2015 నవంబరులో ఢిల్లీ ప్రైడ్ ఊరేగింపులో దళిత క్వీర్ యువకులు తమ కులాన్నీ తమ ప్రేమనూ ఒకే ప్లకార్డు మీద చెప్పుకున్నారు. అగ్రవర్ణ క్వీర్ ఉద్యమం కులాన్ని దాచమంటుంది, మన ఉద్యమం ప్రేమను దాచమంటుంది. రెండింటినీ దాచనన్న ఆ మాట మన సంఘాల్లోకి ఇంకా పూర్తిగా చేరలేదు.

7. కోర్టుకు వచ్చిన తల్లిదండ్రులు

నాజ్ ఫౌండేషన్ 2001లో వేసిన కేసులో ఢిల్లీ హైకోర్టు 2009 జూలై 2న తీర్పిచ్చింది. లోకం నీతి కాదు, రాజ్యాంగ నీతి ముఖ్యం అని చెప్పడానికి ఆ తీర్పు ఎత్తిచూపింది 1948 నవంబరు 4న రాజ్యాంగ సభలో అంబేద్కర్ చేసిన ప్రసంగాన్నే. 1934లో బొంబాయిలో ఓడిన వాదన ఇంకో దారిలో గెలిచింది. 2013 డిసెంబరు 11న సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టేసింది. 2018 సెప్టెంబరు 6న ఐదుగురు జడ్జీలు ఏకగ్రీవంగా 377లోని ఆ భాగాన్ని రద్దుచేశారు. 2024 జూలై 1న వచ్చిన కొత్త న్యాయ సంహితలో ఆ సెక్షనే లేదు.

ఈ పోరాటంలో తల్లిదండ్రులున్నారు. హైకోర్టు తీర్పును కాపాడమని కొందరు తల్లిదండ్రులు సుప్రీంకోర్టులో తమంతట తాము చేరారు. 377 పిల్లలతోపాటు తమ కుటుంబాలనూ భయంలో ఉంచిందన్నారు. 2018 తీర్పులో జస్టిస్ ఇందు మల్హోత్రా చరిత్ర క్షమాపణ చెప్పాల్సింది వీళ్ళకే కాదు, వీళ్ళ కుటుంబాలకు కూడా అని రాశారు. 2021 జూన్ 7న మద్రాసు హైకోర్టులో జస్టిస్ ఆనంద్ వెంకటేష్ ఇచ్చిన ఉత్తర్వు ఇంకా విశేషం. ఇద్దరు ప్రేమించుకున్న అమ్మాయిలు, వాళ్ళను వెతుకుతూ పోలీసు కేసు పెట్టిన తల్లిదండ్రులు. జడ్జి అమ్మాయిలతోనూ తల్లిదండ్రులతోనూ విడివిడిగా మాట్లాడాడు, తనకు తెలీదని ఒప్పుకుని నేర్చుకోవడానికి తనే కౌన్సిలింగుకు కూచున్నాడు, 'మార్చే' వైద్యాన్ని నిషేధించాడు. 2022లో జాతీయ వైద్య కమిషన్ అలాంటి వైద్యాన్ని వృత్తిపరమైన దుష్ప్రవర్తన అంది. 2023లో పెళ్ళి హక్కు కేసు సమయంలో 'స్వీకార్' అనే తల్లిదండ్రుల సంఘం నుంచి 400 మందికి పైగా ప్రధాన న్యాయమూర్తికి ఉత్తరం రాశారు. అక్టోబరు 17న ఆ హక్కు దక్కలేదు. అయినా తల్లిదండ్రులు నోరు విప్పారన్నది మిగిలింది.

ఇలా కోర్టు మెట్లెక్కగలిగిన తల్లిదండ్రులు ఎక్కువగా నగరాలవాళ్ళు, ఇంగ్లీషు వచ్చినవాళ్ళు. వాళ్ళను తప్పుపట్టను. మన తల్లిదండ్రుల ఉత్తరం ఎవరు రాస్తారు అని అడుగుతున్నాను.

8. మనం చేయాల్సిన పని

ఉపాధ్యాయులు, కార్యకర్తలు, హాస్టళ్ళల్లో చదివే విద్యార్థులు ఈ పత్రిక చదువుతారు కాబట్టి సూటిగా నాలుగు మాటలు.

ఒకటి, మాటలు తిరిగి తెచ్చుకోవాలి. తల్లిదండ్రులకు రాసే కరపత్రంలో 'లైంగిక సంక్రమణ వ్యాధులు' అని రాసి చేతులు దులుపుకోవద్దు. సెగ, సవాయి అని రాయండి. కొజ్జా, మాడా లాంటి తిట్లు మాత్రం వద్దు. వాడ భాషంతా మంచిదని కాదు, ఏది జ్ఞానమో ఏది హింసో మనమే వేరుచేసుకోవాలి.

రెండు, భయం కాకుండా నిజం చెప్పాలి. సవాయికి పెన్సిలిన్ ఉంది, తొందరగా వెళ్తే పూర్తిగా నయమవుతుంది. హెచ్ఐవి ఇవాళ చావు కాదు. 2004 ఏప్రిల్ నుంచి ప్రభుత్వం మందులు ఉచితంగా ఇస్తోంది, రోజూ వాడి వైరసు పరీక్షలో కనపడనంత తగ్గితే సంభోగం ద్వారా అవతలివాళ్ళకు సోకదు. ప్రమాదం జరిగిందనుకుంటే 72 గంటల్లోపు ఆసుపత్రికి వెళ్తే రాకుండా మందులున్నాయి. 1097కు ఫోను చేసి పేరు చెప్పకుండా అడగొచ్చు. 2017 హెచ్ఐవి చట్టం ప్రకారం మన ఒప్పుదల లేకుండా ఆ విషయం బయటపెట్టడం తప్పు.

మూడు, చెప్పేదెవరో, ఎప్పుడో పిల్లలే నిర్ణయించుకోవాలి. 'ముందు అమ్మానాన్నలకు చెప్పు' అని కార్యకర్తలు ఒత్తిడి చేయొద్దు. హాస్టలు ఫీజు, తిండి, తలదాచుకునే చోటు తండ్రి చేతిలో ఉన్నప్పుడు చెప్పడం ధైర్యం కాకపోవచ్చు, ప్రమాదం కావచ్చు. ఒక అక్క, ఒక మేనత్త, ఒక మాస్టారు ముందు తెలుసుకుంటే, వాళ్ళే తర్వాత తల్లిదండ్రుల దగ్గర కూర్చోగలరు. వరసల దారి మన దగ్గర ఎప్పుడూ ఉంది. దాన్ని పెళ్ళి దాటి నడిపించాలి.

నాలుగు, అంబేద్కర్ జయంతి సభల్లో పూనా ఒప్పందం చెప్తాం, మహద్ చెప్తాం, మతమార్పిడి చెప్తాం. 1934 కేసు కూడా చెప్పాలి. ఒక కుర్రాడు తన ఒంటి గురించి అడిగిన ప్రశ్నకు జవాబివ్వడం తప్పు కాదని నిలబడి వాదించిన మనిషి మన నాయకుడని తెలిస్తే, ముందు వరసలో కూచున్న తండ్రి ఒకడైనా ఇంటికి పోయాక కొడుకు వైపు ఇంకోలా చూస్తాడు. అడగనిస్తాడు. ఆ రోజు ఓడిపోయిన కేసు మళ్ళీ విచారణకు రావాల్సింది కోర్టుల్లో కాదు, మన వాడల్లో.